తెరచాప కింద ఒక రాత్రి

నాకు అప్పటికి 54 ఏళ్ళు. బ్యాంకులో చేరి 30 ఏళ్ళు. రక్తపోటుకి రోజూ పొద్దున్నే ఒక మాత్ర. అలాంటివాణ్ణి ఒక శనివారం రాత్రంతా అరేబియా సముద్రంలో, గాలి తప్ప మరో ఆధారం లేని పడవ అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నానంటే మా బంధువుల్లో ఎవరూ నమ్మలేదు. మా పెద్దబావగారైతే "ఏమోయ్, రికవరీకి గానీ వెళ్ళావా?" అని అడిగారు. ఆయన తమాషాకే అన్నారు. కానీ ఆ రాత్రి నిజంగానే నా పాత లోను ఒకటి నీళ్ళలోంచి పైకి తేలింది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కాకపోతే ముందు పడవ సంగతి, పందెం సంగతి కొంత చెప్పక తప్పదు.

మాది బరంపురం. అక్కడి తెలుగువాళ్ళ గురించి మన పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. అక్కడే బీ.కాం. చదివి, బ్యాంకు పరీక్ష రాసి, సగం సర్వీసు ఒడిశాలోనే చేసి, తర్వాత బదిలీ మీద ముంబయి వచ్చాను. సముద్రమంటే గోపాల్‌పూర్ ఒడ్డున పిల్లల చేతులు పట్టుకుని మోకాళ్ళ దాకా దిగడమే తప్ప, దాని మీద ప్రయాణం చేయాలన్న కోరిక నాకు ఎన్నడూ లేదు.

మా కాలనీలో కింది వాటాలో నౌకాదళంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. అందరూ కెప్టెన్ గారంటారు; నేనూ అలాగే రాస్తాను. మరో ఇద్దరితో కలిసి ఆయన కొనుక్కున్న 32 అడుగుల తెరచాప పడవ ఒకటి హార్బరులో ఉంటుంది. ఒకరోజు లిఫ్టులో నన్ను ఎగాదిగా చూసి "మీ బరువెంత?" అన్నారు. 82 కిలోలన్నాను. "సరిపోతుంది. ఆదివారం రండి" అన్నారు. నా పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అంత త్వరగా ఒప్పుకోలేదు.

బరువుకి అక్కడ నిజంగానే విలువుంది. గాలి పక్కనుంచి వీస్తే పడవ అవతలి పక్కకి ఒరుగుతుంది. పడవ అడుగున బరువైన లోహపు రెక్క ఒకటి నీళ్ళలోకి దిగి ఉంటుంది. దాన్ని కీల్ అంటారు. పడవను తిరగబడకుండా కాపాడేది అదే. అయినా మరీ ఒరిగితే వేగం తగ్గుతుంది. అందుకని చేతిలో పనిలేని వాళ్ళంతా గాలి వచ్చే వైపు అంచు మీద వరసగా కూర్చుని పడవను నిలబెట్టాలి. గాలి పడిపోతే దీనికి సరిగ్గా తలకిందులు. అందరూ అవతలి అంచుకు చేరి పడవను కావాలనే కాస్త ఒరిగించాలి. అప్పుడు తెరచాప తన బరువుకి తానే వంపు తిరిగి ఉన్న కాస్త గాలినీ పట్టుకుంటుంది. రెండేళ్ళపాటు ఆదివారాలు నేను చేసిన ఘనకార్యం ఇదే. మధ్యలో ఎవరైనా కేకేస్తే వించి తిప్పేవాణ్ణి. మొదటి రోజు "షీట్ వదలండి" అంటే వెళ్ళి తెరచాపను పట్టుకుని నిలబడ్డాను. షీట్ అంటే తెరచాప కాదట, దాన్ని బిగించే తాడట! జీవితమంతా బ్యాలెన్స్ షీట్లతో గడిపినవాడికి ఇది తలకెక్కడానికి నెల పట్టింది.

అలాంటి నన్ను రాత్రి పందేనికి రమ్మన్నారంటే, ఏడుగురు కావలసిన చోట ఒకతనికి ఆఖరి క్షణంలో జ్వరం రావడమే కారణం. ఈ విషయంలో నాకు భ్రమలేమీ లేవు.

తేదీ 2024 ఫిబ్రవరి 17, శనివారం. ముందురోజు రథసప్తమి, ఆ రోజు భీష్మాష్టమి. మా ఆవిడ "భీష్ముడు పోయిన రోజున సముద్రం మీద జాగారమేమిటండీ" అని గొణుగుతూనే నిమ్మకాయ పులిహోర ఏడుగురికి సరిపడా కలిపి డబ్బాలకెత్తింది. కెప్టెన్ గారికి మాత్రం అష్టమి తిథి బాగా నచ్చింది. అమావాస్యకీ పున్నమికీ ముంబయిలో ఆటుపోట్లు ఎక్కువ. పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం 4 మీటర్లకు పైగా తేడా వస్తుంది. ఆ నీరంతా హార్బరు మూతిలోంచి వచ్చిపోవాలి కనుక ప్రవాహం జోరుగా ఉంటుంది. అష్టమికి ఆ జోరు తగ్గుతుంది. పైగా అర్ధరాత్రి దాటేదాకా సగం చందమామ తోడుంటాడు. పంచాంగం మా నాన్నగారి కంటే నావికులే శ్రద్ధగా చూస్తారని నాకప్పుడు తెలిసింది.

దారి ఇది. గేట్‌వే ఆఫ్ ఇండియా ముందున్న హార్బరులో బయలుదేరి, కొలాబా కొనదాటి, ప్రాంగ్స్ లైట్‌హౌసును కుడిచేతికి ఉంచుకుని సముద్రంలోకి వెళ్ళాలి. అక్కణ్ణుంచి దక్షిణంగా, ఖాందేరీ ద్వీపం మీదుగా రేవ్‌దండా దాకా. అక్కడ నిర్వాహకుల పడవ లంగరు వేసి దీపాలు పెట్టుకుని ఉంటుంది. దాన్ని చుట్టి, వచ్చిన దారినే తిరిగి రావాలి. పోనూ రానూ సుమారు 50 నాటికల్ మైళ్ళు. నాటికల్ మైలంటే 1852 మీటర్లు. గంటకు 5, 6 మైళ్ళు పోతే బాగా పోయినట్టే. మనం సైకిలు తొక్కే వేగమన్నమాట.

9 పడవలు. సాయంత్రం 4 గంటలకు ఆరంభం. ఇందులో తమాషా ఏమిటంటే, పడవలు పరుగు పందెగాళ్ళలా గీత దగ్గర ఆగి నిలబడలేవు. 5 నిమిషాల ముందు ఒక జెండా, 4 నిమిషాలకు ఇంకొకటి, ఒక నిమిషానికి మరో సంజ్ఞ. ఆ వ్యవధంతా గీత వెనక అటూ ఇటూ తిరుగుతూ, సరిగ్గా ఆఖరి కూత వినపడేసరికి పూర్తి వేగంతో గీత మీద ఉండాలి. ముందే దాటితే వెనక్కి వచ్చి మళ్ళీ దాటాలి. 9 పడవలు ఆ కాస్త జాగాలో ఒకదానికొకటి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా తిరుగుతుంటే, కేకలు, గద్దింపులు. దాదరు స్టేషన్లో బండి ఎక్కడం వచ్చినవాళ్ళకి అది కొత్తేమీ కాదు.

మధ్యాహ్నం నుంచీ వాయవ్యం గాలి చక్కగా వీస్తోంది. కొలాబా దాటి దక్షిణానికి తిరిగాక అది కుడి వెనక నుంచి వచ్చింది. అప్పుడు ముందు కొసన నిలబడే కుర్రాడు స్పినేకరు ఎత్తాడు. పల్చటి నైలాను గుడ్డతో కుట్టిన, బుడగలా ఉబ్బే పెద్ద తెరచాప అది. మాది ఎరుపూ పసుపూ. అది ఒక్కసారి ధన్‌మని విచ్చుకున్నప్పుడు పడవ కాళ్ళకింద ముందుకి ఉరికిన తీరు, పేకముక్క తిరగేసినంత సేపట్లో జరిగిపోయింది. ఖాందేరీ దగ్గరికి వచ్చేసరికి సూర్యుడు దిగిపోతున్నాడు. ఈ ద్వీపం మీద 1679లో శివాజీ కోట కట్టించబోతే, ముంబయిలోని ఇంగ్లీషువాళ్ళు ఓడలతో వచ్చి అడ్డుపడి ఏమీ చేయలేకపోయారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన 12 మరాఠా కోటల్లో ఇదొకటి. ఆ పన్నెండింట్లోనే తమిళనాడులోని సెంజి కోటా ఉంది. మీద లైట్‌హౌసు 1867 నాటిది. మేం పక్కనుంచి పోతుండగానే దాని దీపం వెలిగింది.

చీకటి పడగానే కెప్టెన్ గారు ఇంకో మనిషయ్యారు. అంతదాకా జోకులు వేస్తున్నాయన ఒక్కొక్కరి లైఫ్ జాకెట్టు పట్టీలూ తానే లాగి చూశారు. జాకెట్టుకి ఒక బలమైన కట్టుతాడు, దాని చివర కొక్కెం. పడవ పొడుగునా అంచు వెంట ఒక పట్టీ బిగించి ఉంటుంది. రాత్రిపూట పైకి వచ్చేవాడు ఆ పట్టీకి కొక్కెం తగిలించకుండా ఒక్క అడుగు వేయకూడదు. మూత్రానికి వెళ్ళినా అంతే. ఇది చాదస్తం కాదు. 1979 ఆగస్టులో ఇంగ్లండు నుంచి ఐర్లండు పక్కనున్న ఫాస్ట్‌నెట్ రాతి దాకా వెళ్ళివచ్చే పందెంలో 303 పడవలు బయలుదేరితే, మధ్యలో తుఫాను విరుచుకుపడి 15 మంది పోటీదారులు పోయారు. 1998లో సిడ్నీ నుంచి హోబర్టు పందెంలో ఆరుగురు. మా ఫిబ్రవరి సముద్రం వాటి ముందు చెరువులాంటిది. అయినా చీకట్లో నీళ్ళలో పడిన మనిషి తల కొబ్బరికాయంత కనపడుతుందనీ, పడవ వెనక్కి తిరిగేలోపు అదీ కనపడదనీ కెప్టెన్ గారు చెప్పిన తర్వాత నేను ఆ కొక్కేన్ని మంగళసూత్రంలా చూసుకున్నాను.

రాత్రి 9 గంటలకు రేవ్‌దండా పడవను చుట్టాం. అప్పటికి ఐదో స్థానం. ఆ తర్వాత గాలి చచ్చిపోయింది.

ఆగిపోయిందని కాదు, చచ్చిపోయిందనే అనాలి. తెరచాపలు తడిబట్టల్లా వేలాడాయి. రెండు గంటలపాటు అదే కొర్లాయి కోట దీపాన్ని అదే చోట చూస్తూ కూర్చున్నాం. ఆ కోట కింద ఊరి గురించి డెంటిస్టమ్మ చెప్పింది. (ఆవిడ మా పడవలో చుక్కాని పట్టే ఇద్దరిలో ఒకరు, పగలు పళ్ళ డాక్టరు.) ఆ ఊళ్ళో కొన్ని వందల కుటుంబాల క్రైస్తవులు ఇప్పటికీ ఇళ్ళలో పోర్చుగీసు కలిసిన ఒక భాష మాట్లాడుకుంటారట. పోర్చుగీసువాళ్ళు ఆ కోట వదిలి 1740లోనే వెళ్ళిపోయారు. చుట్టూ మరాఠీ సముద్రం. మరి వాళ్ళ భాషకి సంఘమూ లేదు, త్రైమాసిక పత్రికా లేదు! మన బరంపురం పిల్లలు ఇంట్లో ఏం మాట్లాడుతున్నారో తలచుకుని నేను మాట మార్చాను.

ఆడమనిషి చుక్కాని పట్టడమా అని ఎవరైనా ఆశ్చర్యపోతారేమో. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో ఆరుగురు నౌకాదళ యువతులు బయలుదేరి, భూమి చుట్టూ తిరిగి 2018 మే 21న తిరిగి వచ్చారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మన తెలుగమ్మాయిలు: విశాఖపట్నం పి. స్వాతి, హైదరాబాదు బి. ఐశ్వర్య. వాళ్ళు నడిపింది 21 వేల మైళ్ళకు పైగా. మేం 25 మైళ్ళకే అరిగిపోయి పులిహోర డబ్బాలు తీశాం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ డబ్బాలతో పడవలో నా పరపతి ఒక్కసారిగా పెరిగింది.

ఇప్పుడు అసలు సంగతి. హైస్కూల్లో చదువుకున్నాం గదా, పగలు నేల త్వరగా వేడెక్కి సముద్రం నుంచి గాలి లాక్కుంటుందని, రాత్రి నేల త్వరగా చల్లారి గాలిని సముద్రం మీదికి తోస్తుందని. మార్కుల కోసం చదివిన ఆ రెండు వాక్యాల మీదే ఆ రాత్రి పందెమంతా నడిచింది. నేలగాలి ముందు ఒడ్డు దగ్గర మొదలవుతుంది, అక్కడే బలంగానూ ఉంటుంది. లోపల ఉన్నవాడికి అది ఆలస్యంగా, నీరసంగా అందుతుంది. అయితే ఒడ్డు దగ్గరే చేపల వలలూ ఉంటాయి. గాలి ఎక్కడుందో వలలూ అక్కడే. చాలా పడవలు భయపడి బయటే ఉండిపోయాయి. కెప్టెన్ గారు మాత్రం మెల్లగా ఒడ్డు వైపు జరిపారు.

అర్ధరాత్రికి కుడిచెంప మీద చల్లగా తగిలింది. ఆ గాలిలో ఎండుచేపల వాసన, పొగ వాసన, ఎక్కడో కాల్చిన గడ్డి వాసన. నేల వాసన అంత దూరం వస్తుందని నాకు తెలియదు. పడవ కదిలింది. 2 మైళ్ళ వేగం, తర్వాత 3. ఒకటిన్నరకి లెక్క చూస్తే రెండు పడవలను దాటేసి మూడో స్థానానికి వచ్చాం. ముందున్న రెండూ మాకంటే పెద్దవి. ఈ పందేల్లో పెద్ద పడవకీ చిన్న పడవకీ ఒకే కొలత ఉండదు. ప్రతి పడవకూ ముందే ఒక గుణకం నిర్ణయిస్తారు. పట్టిన సమయాన్ని దానితో గుణించగా వచ్చిందే అసలు సమయం. వడ్డీ లెక్కలాంటిది కనుక ఈ ఒక్కటీ నేను వాళ్ళందరికంటే త్వరగా కట్టాను. ఇలాగే పోతే మొదటి బహుమతి మాదే. ఆ మాట పైకి అనకూడదని డెంటిస్టమ్మ నా నోరు మూయించింది.

రెండు గంటలకు చంద్రుడు అస్తమించాడు. కెప్టెన్ గారూ మరో ఇద్దరూ లోపల నడుం వాల్చారు. పైన మేం నలుగురం. ముందు కొసన కూర్చుని నీళ్ళ మీద ఏమైనా కనపడుతుందేమో చూడటం నా వంతు. వల చివర ప్లాస్టిక్ డబ్బాలో, చిన్న జెండాలో తేలుతుంటాయి. అవి కనపడగానే చెప్పాలి. చేతిలో టార్చి ఇచ్చారు. ఎదురుగా చాలా కిందికి ధ్రువనక్షత్రం, దాని మీద సప్తర్షులు. వెనక ఆగ్నేయంలో వృశ్చికం పైకి వస్తోంది. పడవ కోసుకుపోతున్న నీళ్ళలో పచ్చటి మిణుగురుల్లాంటి వెలుగు. ఉన్నమాట ఒప్పుకుంటాను. నేను చూడవలసింది నీళ్ళను, చూసింది ఆకాశాన్ని.

చప్పుడేమీ కాలేదు. అడుగున ఎవరో గోనెసంచి ఈడ్చినట్టు ఒక రాపిడి, అంతే. పడవ మర్యాదగా ఆగిపోయింది. టార్చి వేస్తే పక్కనే తెల్లటి తేలుడు బెండ్ల వరస, చీకట్లోకి ఎంత దూరమో. వల పైతాడు కీల్ కిందనుంచి జారి, దానికీ వెనకనున్న చుక్కానికీ మధ్య ఇరుక్కుంది. ఇంజను వేస్తే పంఖాకి చుట్టుకుంటుంది. గాలి మాత్రం తెరచాపలో పుష్కలంగా ఉంది, పడవను వల మీదికి ఇంకా ఇంకా నొక్కుతూ.

ముందు కొసన ఉండే కుర్రాడు పక్షిలాంటివాడు, 23 ఏళ్ళు, ఏదో కంప్యూటర్ల కంపెనీ. వాడు అప్పటికే వెనకవైపు పడుకుని చాకు తీశాడు. "రెండు నిమిషాల పని సార్. కోసేస్తే పోతాం" అన్నాడు. వాడి తప్పేం లేదు, పందెంలో మూడో స్థానంలో ఉన్నాం. కెప్టెన్ గారు పైకి వచ్చారు. ఒక్క క్షణం వల వైపూ, వెనక దూరంగా కనపడుతున్న మరో పడవ ఎర్రదీపం వైపూ చూశారు. ఏమీ అనలేదు.

"కొయ్యొద్దు" అన్నాను నేను.

రెండేళ్ళలో ఆ పడవ మీద నేను చెప్పిన మొదటి అభిప్రాయం అది. అందరూ నా వైపు తిరిగారు. చెప్పాను: పైతాడుకి బెండ్లు, అడుగుతాడుకి సీసం గుళ్ళు. మధ్యలో వల తెరలా నిలబడుతుంది. పైతాడు ఒక్కచోట తెగిందంటే రెండు ముక్కలూ ముడుచుకుపోయి, ప్రవాహానికి చిక్కుపడి, అవతలి ముక్క ఎటు పోయిందో కూడా దొరకదు. వల పోవడమంటే ఒక రాత్రి కూలి పోవడం కాదు. తెరచాపలు దించేయండి, లాగుడు పోతుంది. బరువంతా ముందుకి పంపండి, వెనకభాగం లేస్తుంది. అప్పుడు కొక్కెపు కర్రతో పైతాడును చుక్కాని కిందికి నొక్కవచ్చు.

తెరచాపలు దించడమంటే పందెం వదులుకోవడమే. కెప్టెన్ గారు "దించండి" అన్నారు.

ఐదుగురు వెళ్ళి ముందు కొసన గుమికూడారు. కుర్రాడు చాకు జేబులో పెట్టి, వెనకంచున బోర్లా పడుకుని, తల నీళ్ళదాకా వంచి కర్రతో తాడును నొక్కడం మొదలుపెట్టాడు. నేను వాడి కాళ్ళ మీద కూర్చుని టార్చి పట్టుకున్నాను. నా 82 కిలోలకి అంతకంటే సార్థకత ఎప్పుడూ లేదు. ఒకసారి జారిందనుకుంటే అల వచ్చి మళ్ళీ ఎక్కించేది. నీళ్ళు వాడి మొహం మీంచి పోయేవి. మధ్యలో దూరం నుంచి దీపం ఒకటి ఊగుతూ, ఇంజను చప్పుడుతో మా వైపు వచ్చింది. ఇద్దరు కోళీలు, ఒక ముసలాయన, ఒక యువకుడు. వలకు అవతలి చివర ఉన్నది వాళ్ళే.

వాళ్ళు రాగానే తిట్లు లంకించుకున్నారు. నా మరాఠీ అంతంతమాత్రం, అయినా తిట్లు అర్థమయ్యేంత వచ్చు. కళ్ళు లేవా అన్నది వాటిలో అన్నిటికంటే మెత్తనిది. "తప్పు నాదే కాకా, చూడాల్సింది నేనే" అన్నాను. దాంతో ముసలాయన తిట్టడం ఆపి, తన పడవలోంచి పైతాడు పట్టుకుని మావైపు కాస్త వదులు ఇచ్చాడు. ఆ వదులుతోనే పని జరిగింది. కుర్రాడు బలంగా ఒక్క నొక్కు నొక్కేసరికి బెండ్ల వరస చుక్కాని కిందనుంచి జారి వెనక బుడుంగున తేలింది.

ముసలాయన వెళ్ళలేదు. టార్చి నోట కరుచుకుని, పైతాడును చేతుల మధ్యనుంచి పోనిస్తూ, ఒక్కొక్క బెండూ ఒక్కొక్క మూరా తడిమి చూశాడు. రెండు చోట్ల కన్నం పడింది. ఎంత పెద్దదో వేళ్ళు విప్పి కొడుక్కి చూపించాడు. కెప్టెన్ గారు డబ్బు తీసి ఇవ్వబోతే కొడుకు అందుకున్నాడు, ఆయన చూడనైనా లేదు. తాడంతా చూశాక టార్చి ఆర్పేసి, వెళ్ళండన్నట్టు చెయ్యి విసిరాడు.

50 నిమిషాలు పోయాయి. ఈలోగా మూడు పడవల దీపాలు మమ్మల్ని దాటి వెళ్ళాయి.

మళ్ళీ కదిలాక కెప్టెన్ గారు నా పక్కకి వచ్చి టీ ఇచ్చి "వలల సంగతి మీకెలా తెలుసు?" అన్నారు. "గంజాం జిల్లాలో సముద్రపు ఒడ్డు బ్రాంచిలో ఫీల్డాఫీసరుగా చేశాను. వలలకి లోన్లిచ్చేవాళ్ళం. బెండ్లు, గుళ్ళు లెక్కపెట్టేవాణ్ణి" అన్నాను. అది సగమే. మిగతా సగం ఇదీ.

1998 మార్చి. గంజాం తీరంలో మత్స్యకారులు చాలామంది మన తెలుగువాళ్ళే. ఒడియాలు నోళియాలంటారు. మా శాఖ ఉన్న ఊరిని ఆనుకునే వాళ్ళ వాడ. ఒకాయనకి ఏడాది ముందు వలకి 15,000 రూపాయలు ఇచ్చాం. ఆయన ఒకరోజు పొద్దున్నే గోనెసంచి భుజాన వేసుకుని వచ్చి, కౌంటరు ముందు గచ్చు మీద దాన్ని బోర్లించాడు. తడి వల, నాచు, రెండు చచ్చిన పీతలు. "బాబూ, రేత్రి ట్రాలరోడు నా వల మీంచి ఎల్లిపోనాడు. మిగిలిన ముక్క ఇదే. ఇంకో వల కట్టుకుంటే గానీ నీ బాకీ తీర్సలేను" అన్నాడు. శాఖంతా వాసన. నేను అన్న మొదటి మాట, "ముందు అది బయటికి తీసెయ్యి" అని.

అలాంటి నష్టం జరిగితే వాయిదాలు ముందుకి జరిపి, కొత్త వలకి కొంత ఇచ్చే వెసులుబాటు ఉంది. పంచాయతీ కాగితం ఒకటి, మత్స్యశాఖ కాగితం ఒకటి, నా తనిఖీ రిపోర్టు ఒకటి కావాలి. తనిఖీకి ఇసుకలో రెండు మైళ్ళు నడవాలి. నెలాఖరుకి సంవత్సరాంతపు లెక్కలు. నాకప్పుడు 28 ఏళ్ళు, ప్రమోషను పరీక్షకి చదువుతున్నాను. పాత బాకీ ఉండగా కొత్తది కుదరదని చెప్పి పంపేశాను. ఫైలులో "అదనపు హామీ లేదు" అని రాశాను. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

ఆయన పారదీప్ వెళ్ళి ట్రాలరు మీద కూలికి చేరాడని తర్వాత విన్నాను. తన వలను కోసినలాంటి ట్రాలరు మీదే. బాకీ మాత్రం ఆగలేదు. ఆయన భార్య ప్రతి నెలా వచ్చేది. 300, ఒక నెల 450, కొంగు ముడి విప్పి కౌంటరు మీద పెట్టేది. నోట్లకి ఎండుచేపల వాసన. ఏడాదిన్నరకి వడ్డీతో సహా తీర్చేసింది. ఖాతా మూసిన రోజున బాకీ లేదన్న కాగితం మీద ఆవిడ వేలిముద్ర, నా సంతకం పక్కపక్కనే పడ్డాయి. రికవరీ బాగా చేశానని ఆ సంవత్సరం నాకు మెచ్చుకోలు ఉత్తరం కూడా వచ్చింది.

ఆ రాత్రి ఖాందేరీ దీపం ఎదురుగా తిరుగుతుంటే ఈ లెక్కంతా మళ్ళీ వేసుకున్నాను. పడవ వల మీద ఆగినప్పుడు నా నోట అంత గట్టిగా మాట రావడానికి ఆ గోనెసంచే కారణం. కెప్టెన్ గారికి అది చెప్పలేదు. పక్కనే కుర్రాడు చలికి వణుకుతూ పులిహోర అడుగంటా తింటున్నాడు.

తెల్లవారుజామున నేలగాలి బాగా బలపడింది, పోటు కూడా కలిసొచ్చింది. ప్రాంగ్స్ దగ్గర సూర్యోదయం. లంగరేసిన ఓడల మధ్యనుంచి హార్బరులోకి వచ్చేసరికి ఎలిఫెంటాకి పోయే మొదటి లాంచీలకు జనం ఎక్కుతున్నారు. 8 గంటల 10 నిమిషాలకు గీత దాటాం. 9 పడవల్లో రెండు గాలిలేక మధ్యలోనే ఇంజను వేసుకుని వెనక్కి వెళ్ళిపోయాయి. మిగిలిన ఏడింటిలో గుణకం కట్టాక మాది ఆరోది. ఏడో పడవ వాళ్ళు దారి తప్పి వచ్చారు కనుక అదేమంత గొప్ప కాదు.

ఇంటికి వెళ్తే మా ఆవిడ అరచేతుల్లో తాడు ఒరుసుకున్న గాయాలకి పసుపు రాస్తూ, "ఏం జరిగింది?" అంది. "వల ఒకటి తగిలింది, తీశాం" అన్నాను. వెనకంచున మనిషి కాళ్ళ మీద కూర్చుని నీళ్ళలోకి వంగిన సంగతి ఆవిడకి ఈ వ్యాసం అచ్చయ్యాకే తెలుస్తుంది. ఆ రోజు కొక్కెం తగిలించే ఉందని మాత్రం ఆవిడకి ఇక్కడే మాటిస్తున్నాను.

పై వారం పడవను ఒడ్డుకి లాగి అడుగు కడుగుతుంటే, చుక్కాని సందులో ఆకుపచ్చ నైలాను దారం జానెడు, దానికి ఒక చిన్న తెల్ల బెండు దొరికాయి. కుర్రాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మర్నాటి నుంచి అది మా ఆఫీసు బల్ల మీద, పెన్నుల డబ్బా పక్కన ఉంటోంది. తర్వాతి సంవత్సరం పందేనికి కెప్టెన్ గారు ఎవరి పని ఏమిటో కాగితం మీద రాసి గోడకి అంటించారు. నా పేరు ఎదురుగా ఎప్పటిలా "బరువు" అనే ఉంది. దాని కింద ఇంకో మాట చేర్చారు: "రాత్రి, ముందు కొస. ఆకాశం చూడరాదు."